మంచు టైర్లతో కొలిచిన కౌంటీ

ముందు పోయినవి చెప్తాను. లెక్క అలవాటున్నవాణ్ని, వరస తప్పితే నాకు తోచదు.

ఒక కౌంటీలో, అంటే మన తాలూకా లాంటిదానిలో, నాకు తెలిసినంతలో, ఇరవై మూడు ఊళ్ల పేర్లు పోయాయి. ఊళ్లంటే మన ఊళ్లలాంటివి కావు. రెండు మట్టిరోడ్లు కలిసే చోట పదో పన్నెండో ఇళ్లు, ఒక బడి, ఒక చర్చి, చుట్టుపక్కల రైతులు పాలు తెచ్చి పోసే ఒక క్రీమరీ. పేర్లతోపాటు పోస్టాఫీసులు తొమ్మిది పోయాయి. ఒకే గది ఉన్న బడులు నలభై ఒకటి. రైలు ఆగే చోట్లు నాలుగు. క్రీమరీలు ఆరు. ఇవన్నీ నేను అమెరికాలో అడుగు పెట్టకముందే పోయినవి, వాటికి నా పూచీ లేదు. నా పూచీ మీద పోయినవి రెండు. ఒక పొగమంచు ఉదయం పదకొండు నిమిషాలు. ఒక మనిషి నోట్లో మాట.

ఇప్పుడు నోవైలో మా ఇంటికి భోజనానికి పిలిస్తే మీలో ఎవరో ఒకరు "అంకుల్, అడ్రస్ టెక్స్ట్ చేయండి" అంటారు. చేస్తాను. ఇంటి నంబరు, రోడ్డు పేరు. ఫోన్ చెప్పినట్టు డ్రైవ్ చేసుకుంటూ వచ్చేస్తారు. ఆ నంబరు అక్కడికి ఎలా వచ్చిందని ఇంతవరకు ఎవరూ అడగలేదు. అడగాల్సిన పని కూడా లేదనుకోండి. కానీ ఇదే మిషిగన్‌లో ఒక మూల, సరస్సు ఒడ్డున ఉన్న ఒక పల్లెటూరి కౌంటీలో, ఆ నంబర్లు నా చేత్తో రాసినవి.

డెబ్బైల చివర మా ఆవిడకి ఆ కౌంటీ ఆసుపత్రిలో నర్సు ఉద్యోగం వచ్చింది. వీసా ఆవిడది. నేను ఆవిడ వెంట వచ్చిన సామానులో ఒకణ్ని. అప్పటికి నాకు ముప్పై తొమ్మిది. అంతకుముందు కృష్ణా కాలువ మీద ఒక లాకు దగ్గర, పొద్దునా సాయంత్రం నీటిమట్టం చూసి పుస్తకంలో రాసేవాణ్ని. నా చదువు ఎస్సెస్సెల్సీతో ఆగింది. మిగిలింది బెజవాడ పాత పుస్తకాల కొట్లో కొన్న లాగరిథం పట్టికలు ముందేసుకుని, లాకు గట్టు మీద కూర్చుని నాకు నేను నేర్చుకున్నది. అక్కడ మా సూపర్‌వైజరు నేర్పిన పద్ధతి ఒకటుంది. మట్టం రెండుసార్లు చూడాలి. రెండూ ఒకటైతేనే రాయాలి. పదిహేనేళ్లు అలాగే రాశాను, ఒక్క కొట్టివేత లేదు. దాన్ని నా గొప్ప అనుకునేవాణ్ని.

కౌంటీ రోడ్ల ఆఫీసులో మొదట నాకిచ్చిన పని కూడలిలో కుర్చీ వేసుకుని కార్లు లెక్కపెట్టడం. మా బాసు భారీ మనిషి, ఆయన టేబుల్ మీద ఎప్పుడూ సగం తిన్న ఆపిల్ పై ముక్క ఉండేది. నేను నోటితో గుణకారాలు చేయడం ఒకసారి విన్నాడు. ఆ రోజు నుంచి నా పేరు ప్రొఫెసర్.

"ప్రొఫెసర్, నూట పదిహేడుని నలభై మూడుతో గుణించు."

"అయిదువేల ముప్పై ఒకటి."

"కరెక్టో కాదో నాకు తెలీదు గానీ, చెప్పిన తీరు మాత్రం బాగుంది" అని మళ్లీ ఆపిల్ పై ముక్క మీద పడేవాడు.

ఆ కౌంటీ గురించి నాలుగు ముక్కలు చెప్పాలి. తూర్పున సరస్సు, సరస్సుకి అవతల కెనడా. మొదటి కుటుంబాల్లో చాలామంది అవతలి ఒడ్డు నుంచే వచ్చారట. స్కాట్లండు వాళ్లు కెనడాలో ఒక తరం ఉండి, పడవల్లో ఇటు దాటారు. తర్వాత జర్మన్లు, పోలండు వాళ్లు. ఎవరి మూల వాళ్లది, ఎవరి చర్చి వాళ్లది. పొలాల మధ్య మైలుకొక రోడ్డు, గీత గీసినట్టు. వసంతంలో నీళ్లింకా గడ్డకట్టేంత చల్లగా ఉండగా మీద గాలి వెచ్చబడిన రోజున, ఒక్కోసారి అవతలి ఒడ్డు నీళ్ల మీద లేచి నిలబడేది. మామూలుగా కనపడనంత దూరం. అయినా చెట్ల వరస, ఒక తెల్లటి మేడ, ఒక పొగగొట్టం. అరగంట ఉండి కరిగిపోయేది. మొదటిసారి చూసినప్పుడు నేను కళ్లు తుడుచుకుని రెండోసారి చూశాను. రెండుసార్లూ ఒకటే కనిపించింది. నా పద్ధతి ప్రకారం అయితే రాసేయాల్సిందే.

ఎనభైల మొదట్లో కౌంటీకి ఎమర్జెన్సీ నంబరు పెట్టాలనుకున్నారు. ఫోన్ చేస్తే అంబులెన్సు రావాలి. రావాలంటే అడ్రస్ ఉండాలి. అప్పటిదాకా అక్కడ ఎవరికీ ఇంటి నంబరు లేదు. ఉత్తరాలకి రూట్ నంబరు, డబ్బా నంబరు ఉండేవి. దారి అడిగితే "క్రీమరీ ఉండేదే, అక్కడ ఎడమకి తిరుగు" అనేవాళ్లు. క్రీమరీ కూలి ముప్పై ఏళ్లయినా సరే. అందుకని ప్రతి ఇంటికీ నంబరు ఇచ్చే పని ప్రొఫెసర్‌కి వచ్చింది.

పద్ధతి తేలిక. రోడ్డు మొదలు సున్నా. మైలుకి వెయ్యి భాగాలు. మూడు మైళ్ల మీద నాలుగు వందల పన్నెండు భాగాలు పోయాక ఇల్లు వస్తే దాని నంబరు 3412. ఒక పక్క సరి, ఒక పక్క బేసి. ఆఫీసు కారులో వెనక చక్రాలు తిరిగిన చుట్లని లెక్కపెట్టే మీటరు ఒకటి బిగించారు. సెప్టెంబరులో, కొలిచి రాళ్లు పాతిన ఒక మైలు మీద నడిపి మీటరుని సరిచేశాను. సరిగ్గా వెయ్యి. రెండుసార్లు. నాకు అంత సంతోషం పెళ్లిలో కూడా కలగలేదని మా ఆవిడతో అంటే, "ఆ సంగతి మీ మొహం అప్పుడే చెప్పిందండీ" అంది.

ఆ శరదృతువులో కౌంటీలో సగం కొలిచాను. ఎర్రబడిన మేపుల్ చెట్లు, మొక్కజొన్న కోసేసిన మోళ్లు, మీటరు టిక్కుమన్న చప్పుడు. ప్రపంచంలో ప్రతిదీ సున్నా నుంచి ఎంతో కొంత దూరంలో ఉందని, ఆ దూరం నాకు తెలుసని అనిపించేది. కలలాంటి ఉద్యోగం. కలలో ఉన్నవాడికి కల అని తెలియదు కదా.

నవంబరు మధ్యలో జింకల వేట మొదలవుతుంది. ఆ వారం అక్కడ ప్రతివాడూ కారుకి మంచు టైర్లు వేయించుకుంటాడు. ఎవరూ ఎవరికీ చెప్పరు. పొద్దున లేచి మొహం కడుక్కున్నామని చెప్పుకుంటామా? అలాగే. మా గరాజ్ మెకానిక్కు ఆఫీసు కారుకీ వేశాడు. నాకు చెప్పలేదు. నేను గమనించింది ఒకటే: ఆ రోజు నుంచి కారు పాడుతోంది. తారురోడ్డు మీద వెనక నుంచి సన్నగా, విడవకుండా ఒక శ్రుతి. తంబురా మీటి వదిలేసినట్టు. తెల్లటి పొలాలు, బూడిదరంగు ఆకాశం, కింద ఆ శ్రుతి. మంచులో రోడ్డు అలా మోగుతుందేమో అనుకున్నాను. నాకది ఎంతో నచ్చింది. తెలిసిన కీర్తన ఏదో ఒకటి అందుకుని ఆ శ్రుతి మీద పాడుకుంటూ కొలిచేవాణ్ని.

మంచు టైరుకి గాడులు లోతు, ఒళ్లు లావు. చక్రం చుట్టుకొలత పెరుగుతుంది. పెద్ద చక్రం మైలు దాటడానికి తక్కువ చుట్లు తిరుగుతుంది. మీటరు లెక్కపెట్టేది చుట్లని, నేలని కాదు. మైలు రోడ్లు వెయ్యి దగ్గర రావాల్సింది, చలికాలంలో 987 దగ్గర రావడం మొదలైంది. చూశాను. రెండోసారి వెనక్కి వెళ్లి మళ్లీ కొలిచాను. మళ్లీ 987. రెండూ ఒకటే. రాసేశాను.

అనుమానం రాలేదా అంటారు. వచ్చింది. కానీ నాది కాని తప్పు ఒకటి అందుబాటులో ఉంది. ఆ భూమిని నూట యాభై ఏళ్ల కిందట గొలుసులతో కొలిచిన సర్వేయర్లు తాగుబోతులని ఆఫీసులో ఒక జోకు ఉండేది. కౌంటీని గళ్లుగా విడగొట్టిన ఒక్కో టౌన్‌షిప్‌ని ఒక్కొక్కడు కాంట్రాక్టుకి కొలిచాడు. చలికాలంలో నాకు వచ్చిన టౌన్‌షిప్‌ని కొలిచినవాడు మరీ తాగి ఉంటాడని తేల్చుకున్నాను. నడుములోతు బురదలో, దోమల మధ్య, గొలుసు ఈడ్చుకుంటూ వెళ్లిన మనిషిని, హీటరు వేసుకున్న కారులో కూర్చుని నేను తప్పు పట్టాను.

ఆ టౌన్‌షిప్ ఒక వాగు వంతెన దగ్గర మొదలవుతుంది. వంతెనకి ఇవతలి ఇళ్లని శరదృతువులోనే కొలిచేశాను, ఆ పుస్తకం అప్పటికే టైపుకి వెళ్లిపోయింది. అవతలివాటి కోసం జనవరిలో మళ్లీ రోడ్డు మొదట సున్నా పెట్టుకుని బయల్దేరాను. వంతెన దాటాక మొదటి ఇల్లు, పాత క్రీమరీ పునాది పక్కన, మీటరులో 6958. దారి పక్కన ఆగి రాసుకుంటుంటే వరండాలోంచి ఒక ముసలాయన చెయ్యి ఊపాడు. లోపలికి రమ్మన్నాడు. డెబ్బై నాలుగేళ్ల మనిషి. పెళ్లి చేసుకోని అన్నాచెల్లెళ్లు ఇద్దరే ఆ ఇంట్లో. ఆయన ముప్పై ఒక్క ఏళ్లు ఆ రోడ్ల మీద ఉత్తరాలు పంచాడు.

"అయితే ఇళ్లకి అంకెలు వేసేది నువ్వేనా, యంగ్ మ్యాన్?" అన్నాడు.

నాకప్పటికి నలభై మూడు. ఆ కౌంటీలో డెబ్బై దాటనివాళ్లందరూ యంగ్ మ్యాన్‌లే.

"అవునండీ. మీది ఆరువేల తొమ్మిది వందల యాభై ఎనిమిది."

"ఇక్కడ అన్ని ఇళ్లు ఎప్పుడున్నాయయ్యా?"

చెల్లెలు కాఫీ పోస్తూ నవ్వింది. "అన్నయ్యా, అది దూరం. ఇళ్ల లెక్క కాదు."

"దూరం దేనికి? ఇది క్రీమరీ కార్నర్స్. మొన్నటిదాకా పదకొండిళ్లు. ఇదిగో, కిటికీలోంచి చూడు. అక్కడ చర్చి గంట ఉండేది. ఆ గంట కెనడా నుంచి పడవలో తెస్తుంటే నీళ్లలో పడింది..." అని మొదలుపెట్టాడు.

గంటన్నర చెప్పాడు. ఏ ఊరు ఎవరు కట్టారు, ఎవరి పశువుల కొట్టం కాలితే ఎవరు వచ్చి కట్టిపెట్టారు, ఏ పోస్టాఫీసు ఎవరి వంటింట్లో ఉండేది. ఒక్కో ఊరి పేరు చెప్పేటప్పుడు పెదాలు తడుపుకునేవాడు. నేను మర్యాదకి తల ఊపుతూ గోడ గడియారం చూస్తున్నాను. చీకటి పడేలోపు ఇంకా పదహారిళ్లు కొలవాలి. చివరికి ఆయన అడిగాడు, "ఇదంతా నీ పుస్తకంలో ఎక్కడైనా రాస్తావా?"

"దానికి గడి లేదండీ" అన్నాను.

6958 అని రాసి పెన్ను మూత పెట్టాను. అంత వివరంగా చెప్పే మనిషి మళ్లీ దొరకడు. నేను రాసుకున్నవి నాలుగంకెలు.

మార్చికల్లా బోర్డులు బిగించారు. ఎమర్జెన్సీ నంబరు పనిచేయడం మొదలైంది. ఏప్రిల్ మొదటి వారంలో ఒక ఉదయం సరస్సు మీంచి పొగమంచు వచ్చి కౌంటీ అంతా పరుచుకుంది. మన చెయ్యి మనకి కనపడదు. ఆ ఉదయం ముసలాయన వంటింట్లో కాఫీ కప్పు పట్టుకుని నిలబడ్డవాడు నిలబడ్డట్టే కూలిపోయాడు. చెల్లెలు ఫోన్ చేసింది. క్రీమరీ ఉండేచోట అని చెప్పబోయింది.

"మాకు నంబరు చాలు, మేడమ్" అంది ఆపరేటరు.

ఆవిడ నంబరు చెప్పింది. అంబులెన్సు బయల్దేరింది. నడిపేవాళ్లు పట్నం నుంచి కొత్తగా వచ్చినవాళ్లు. వంతెనకి ఇవతల, పొగమంచులో, 6958 అన్న బోర్డు కనిపించింది. పొడుగాటి మట్టిదారి, చివర ఒక ఇల్లు. తిప్పేశారు. అది వేసవిలో మాత్రమే మనుషులొచ్చే ఇల్లు. తాళం వేసి ఉంది. వెనక్కి తిరగబోతే మంచు కరిగిన బురదలో చక్రాలు దిగబడ్డాయి.

చెల్లెలు రోడ్డు మీద నిలబడి గిన్నెలు తుడిచే గుడ్డ ఊపుతూ ఉంది. వాగు అవతల ఇంజన్ రొద ఆవిడకి వినపడుతూనే ఉంది. చక్రాలు ఉన్నచోటే తిరగడం, మనుషులు ఒకళ్లనొకళ్లు తిట్టుకోవడం వినపడుతూనే ఉంది. ఆవిడ కేకలు వాళ్లకి వినపడలేదు. పదకొండు నిమిషాలు.

సాయంత్రం మా ఆవిడ డ్యూటీ నుంచి వచ్చి చెప్పింది. "మనిషి బతికాడండీ. కుడిపక్క పడిపోయింది. మాట పోయింది." బూట్లు విప్పుతూ, "వాళ్లు వేరే ఇంటికెళ్లారట. అదే నంబరట" అంది.

అదే నంబరు రెండిళ్లకి ఉండదు. మర్నాడు పొద్దున్నే కారు తీసుకుని ఆ రోడ్డు మొదట సున్నా పెట్టాను. కారు పాడటం లేదు. రెండు మైళ్లు వెళ్లాక ఆ నిశ్శబ్దం నాకు తట్టింది. మొదటి మైలు రోడ్డు వెయ్యి. రెండోది రెండువేలు. వంతెన ఏడువేలు. ముసలాయన ఇల్లు 7050. కారు ఆపి కిందకి దిగి వెనక చక్రం ముందు కూర్చున్నాను. తేమ పట్టిన నల్లటి, నున్నటి టైరు.

గరాజ్‌కి వెళ్లి మెకానిక్కుని అడిగాను, "ఈ టైర్లు మార్చావా?"

"పోయిన వారం. అందరివీ మార్చానుగా."

"ముందున్నవి ఎప్పుడు వేశావు?"

"జింకల వేట ముందు. ఎప్పుడూ వేసేదే" అన్నాడు. నా మొహం చూసి చేతులు తుడుచుకున్నాడు. "ఏమైంది ప్రొఫెసర్? ఆ మోత వినపడలేదా? చెవిటివాడికి కూడా వినపడుతుందే."

వినపడింది. దాని మీద పాడుకున్నాను కూడా.

వెయ్యికి పదమూడు తక్కువ. ఏడు మైళ్లకి తొంభై ఒకటి. శరదృతువు పుస్తకంలో వంతెనకి ఇవతల ఒక ఇంటికి 6958 అని నా చేత్తోనే రాసి ఉంది, నిజం కొలత. చలికాలం పుస్తకంలో వంతెనకి అవతల ఒక ఇంటికి 6958, మంచు టైర్ల కొలత. ఒక్కో టౌన్‌షిప్‌కి ఒక్కో పుస్తకం, రెండూ ఎప్పుడూ పక్కపక్కన తెరవలేదు. ఆ చలికాలం నేను కొలిచిన ఇళ్లు నాలుగు వందల పన్నెండు. నాలుగు వందల పన్నెండూ తప్పు. ఒక్క కొట్టివేత లేకుండా.

బాసు ముందు రెండు పుస్తకాలూ పరిచాను. ఆయన చాలాసేపు చూశాడు. ఆపిల్ పై ముక్కని పక్కకి జరిపాడు.

"బోర్డులు బిగించేశాం, ప్రొఫెసర్."

"విప్పాలండీ."

"ఆ రెండిళ్లలో ఒకటి మార్చేస్తే సరిపోతుందిగా. ఇంకెవరికి తెలుస్తుంది?"

"నాకు."

ఆయన కుర్చీ వెనక్కి వాల్చి పైకప్పు వైపు చూశాడు. "పెట్రోలు ఇస్తాను. జీతం ఇవ్వలేను. నీ శనివారాల్లో కొలుచుకో. తాగుబోతు సర్వేయర్ల మీద నువ్వూ జోకులేశావు కదా" అన్నాడు. ఎగతాళిగా కాదు, నెమ్మదిగా. అందుకే ఎక్కువ తగిలింది.

చెల్లెలి దగ్గరికి వెళ్లడానికి నాకు మూడు వారాలు పట్టింది. అప్పటికి ఆయన్ని ఇంటికి తెచ్చారు. ఒక కాగితం మీద అంతా రాసుకుని వెళ్లాను. చుట్టుకొలతలు, తొంభై ఒకటి, రెండు 6958లు, పదకొండు నిమిషాలు. ఆవిడ కళ్లజోడు పెట్టుకుని మొత్తం చదివింది.

"ఇది నువ్వు చేసిన తప్పు అని చెప్పడానికి వచ్చావా?"

"అవునండీ."

"ముందుగా వచ్చినా చేసేదేమీ లేదని మీ ఆవిడ చెప్పింది నాకు."

మా ఆవిడ నాతోనూ ఆ మాటే అంది. పదకొండు నిమిషాల ముందు తెచ్చినా మేం చేసేది అదేనండీ, పడుకోబెట్టి కనిపెట్టుకుని ఉండటం, అని. నేను నమ్మాను. కానీ రోడ్డు మీద గుడ్డ ఊపుతూ నిలబడ్డ మనిషికి ఆ నిమిషాల్ని దేనిలోంచి తీసివేసి చూపిస్తాను?

ఆవిడ కాగితం నాలుగు మడతలు పెట్టి నా చేతికి తిరిగి ఇచ్చింది. "లెక్క బాగుంది. నేనేం చేసుకోను? మళ్లీ కొలుస్తావట కదా శనివారాలు. నీ కారులో పక్క సీటు ఖాళీయేగా. ముప్పై ఒక్క ఏళ్లు రోడ్డు మీద తిరిగిన మనిషి, కిటికీ దగ్గర కూర్చోబెడితే గోడ వైపు తిరుగుతున్నాడు. తీసుకెళ్లు."

అలా మొదలైంది. మొదటి శనివారం ఆయన నా వైపు చూడలేదు. ఎడమచెయ్యి ఒళ్లో పెట్టుకుని అద్దంలోంచి పొలాలు చూస్తున్నాడు. మూడో మైలు దగ్గర, ఖాళీ పొలం పక్కన, ఉన్నట్టుండి నోరు తెరిచాడు. "వన్. టూ. త్రీ. ఫోర్. ఫైవ్."

నేను అదిరిపడి బ్రేకు వేశాను. మాట పోయిన మనిషి. ఆవుల్ని లెక్కపెడుతున్నాడేమో అని చూశాను. ఆవుల్లేవు. మూలన లైలాక్ పొదలు, నిండా ఊదారంగు పూత. అవి వాటంతట అవి మొలిచేవి కావు, ఎవరో ఇంటిముందు నాటుకున్నవి. కాస్త అవతల ఇంకో పొద, దాని అవతల మరొకటి. బావి మీద కప్పిన ఒక రాయి. లెక్కపెట్టాను. పొదలున్నవి అయిదు చోట్లు.

సాయంత్రం మా ఆవిడని అడిగితే చెప్పింది, మాట పోయినవాళ్లలో కొందరికి అంకెలు వరసగా చెప్పడం పోదట. ఒకటి నుంచి మొదలుపెడితే నడుస్తుందట. పాటలు, తిట్లు కూడా పోవట. ఆయనకి మిగిలిన తిట్టు ఒకటే, "డామ్." అంకెలూ, ఆ తిట్టూ. ఆ రెంటితో ఆయనా, మూగవాళ్ల భాష రాని నేనూ, ఒక పద్ధతి కుదుర్చుకున్నాం. ఆయన వేలు చూపించిన చోట ఆపేవాణ్ని. ఒకటి నుంచి లెక్కపెట్టి ఆగేవాడు. అక్కడ ఉండిన ఇళ్లు అన్ని. చెల్లెలు పాత క్యాలెండర్ల వెనక రాసిచ్చిన పేర్లలోంచి నేనొకటి చదివేవాణ్ని. ఆ లైలాక్ పొదల దగ్గరే మొదలుపెట్టాం.

"విడోస్ హిల్?"

"డామ్."

"ఓల్డ్ స్టేషన్?"

"డామ్!"

"కెటిల్ కార్నర్స్?"

ఎడమచేత్తో డాష్‌బోర్డు మీద ఒక్క దెబ్బ. అంటే అవును. ఒక్కోసారి ఆ దెబ్బకి గ్లవ్ బాక్సు తెరుచుకుని నా పెన్సిళ్లు కింద పడేవి. ఆయన నవ్వేవాడు, సగం మొహంతో.

మే, జూన్, జూలై. అద్దాలు దించుకుని వెళ్లేవాళ్లం. కోసిన గడ్డి వాసన. మీటరు ఇప్పుడు ఉన్న ఇళ్లని కొలిచేది, పక్కన ఆయన లేని ఇళ్లని లెక్కపెట్టేవాడు. కొన్ని మధ్యాహ్నాలు నాకు రెండూ కలిసిపోయేవి. ఖాళీ పొలంలో వంటింటి పొగ కనిపించినట్టు, లేని బడిలోంచి పిల్లలు వదిలినట్టు ఉండేది. మా లాకు కూడా గుర్తొచ్చేది. కాలువ వెంట ఏ ఊరికి నీళ్లు ఎంత ఎత్తులో పారాయో పదిహేనేళ్లు రాశాను. ఆ ఊళ్లలో ఎవరు ఉండేవాళ్లో ఒక్కసారీ అడగలేదు.

నవంబరులో, జింకల వేట వారం, గరాజ్‌లో నేనే నిలబడి టైర్లు మార్పించాను. ఆ రోజుతో కొలత ఆపేశాను. అప్పటికి నాలుగు వందల పన్నెండులో మూడు వందల తొంభై సరిచేశాం. పేర్లు ఇరవై రెండు దొరికాయి. సరస్సు ఒడ్డు రోడ్డు ఒక్కటే మిగిలింది.

మళ్లీ మే వచ్చాక వెళ్లాం. ఆయన బాగా చిక్కిపోయాడు. మిగిలిన ఇరవై రెండిళ్లూ మధ్యాహ్నానికి అయిపోయాయి. చివరి ఇల్లు దాటాక కూడా పోనివ్వమని చెయ్యి ఊపాడు. రోడ్డు ఆగిపోయింది. ముందు గట్టు, గట్టు కింద నీళ్లు. దిగుతానన్నట్టు కారు తలుపు తట్టాడు. భుజం పట్టి అంచుదాకా నడిపించాను.

ఆ రోజు ఎండ వెచ్చగా ఉంది, నీళ్ల మీంచి మాత్రం చలి. అవతలి ఒడ్డు లేచి ఉంది. చెట్లు, తెల్లటి మేడ, గొట్టం. ఆయన దాన్ని చూడలేదు. వేలు పెట్టి గట్టు అంచుకి కాస్త అవతల, గాలిలోకి చూపించాడు. అక్కడ నేల లేదు. ఏటేటా సరస్సు గట్టుని తినేస్తూ వచ్చింది.

"వన్," అన్నాడు. "టూ. త్రీ."

నెమ్మదిగా, ఒక్కో అంకెకి వేలు కొంచెం జరుపుతూ, ఒక వీధి వెంట నడుస్తూ ఉత్తరాలు వేస్తున్నట్టు. "ఫోర్టీన్" దగ్గర చెయ్యి దించాడు.

నా జాబితా అంతా చదివాను. డామ్. కౌంటీ పాత పటంలో పేర్లు చదివాను. డామ్. నాకు తోచినవి, స్కాట్లండు పేర్లు, జర్మను పేర్లు, చెట్ల పేర్లు చెప్పాను. అన్నిటికీ అదే. కోపంగా కాదు. పేరు ఆయన నోట్లోనే ఉంది. పెదాలు తడుపుకున్నాడు. మొదటిరోజు ఊళ్ల పేర్లు చెప్పేముందు ఎలా తడుపుకున్నాడో అలాగే. నోరు తెరిచాడు. "వన్," అని వచ్చింది. మళ్లీ ప్రయత్నించాడు. "వన్."

నేను ఆయన చెయ్యి పట్టుకున్నాను. అవతలి ఒడ్డు కరిగిపోయేదాకా అక్కడే నిలబడ్డాం.

"నాకు తెలీదు," అంది చెల్లెలు సాయంత్రం. "నేను పుట్టకముందే నీళ్లలో పడి ఉంటుంది. ఉత్తరాల రూట్‌లో ముసలివాళ్లెవరో తనకి చెప్పి ఉంటారు. నాతో ఎప్పుడూ అనలేదు. చెప్పే ఉంటాడేమో, నేనే వినలేదేమో."

జూలైలో ఆయన పోయాడు. ఆ వారమే బాసు గదిలో గోడ పటం మీద, సరిచేసిన నంబర్ల పక్కన, సన్నటి అక్షరాలతో ఇరవై రెండు పేర్లు రాశాను. అడక్కుండా రాశాను. బాసు వచ్చి నా వెనక నిలబడ్డాడు. తిడతాడనుకున్నాను.

"కెటిల్ కార్నర్స్ అరంగుళం పడమరకి పెట్టావు, ప్రొఫెసర్," అన్నాడు. "మా నాయనమ్మది అక్కడే." పటం మీదకి వంగి, "లైలాకులు ఇంకా ఉన్నాయా?" అని అడిగాడు.

"అయిదు చోట్ల ఉన్నాయండీ."

చెరిపి, అరంగుళం జరిపి రాశాను. నా ఉద్యోగంలో అది నా మొదటి కొట్టివేత.

పటం అంచున, నీళ్ల నీలిరంగు మీద, ఒక చుక్క పెట్టాను. పక్కన పేరుకి చోటు వదిలాను. తర్వాత ఆ ఒడ్డున ఎనభై దాటిన వాళ్లందర్నీ అడిగాను. చర్చి పుస్తకాలు చూశాను. కెనడా వైపు ఒక గ్రంథాలయానికి మూడు ఉత్తరాలు రాశాను. ఇన్నేళ్లకీ ఆ చోటు ఖాళీగానే ఉంది. ఇరవై మూడులో ఇరవై రెండు తీర్చాను. ఒక పేరు ఇంకా బాకీ. దాని ఎదుట నా దగ్గర ఉన్నది, ఎప్పుడూ ఉండేది, ఒక అంకె మాత్రమే: పద్నాలుగు.